వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌కు నిమోనియా రాకుండా: బెడ్ పక్కన చేయాల్సిన పని, మెట్టు మెట్టుగా

నోట్లోంచి గాలిగొట్టంలోకి ట్యూబు వేసిన 48 గంటల తర్వాత మొదలయ్యే నిమోనియాను ఐసీయూల్లో అందరూ వ్యాప్ అంటారు. ఇందులో మెషీన్ వాటా తక్కువ, ట్యూబు వాటా ఎక్కువ.

ఆరోగ్యంగా ఉన్న మనిషి గొంతులో చేరిన ఉమ్మిని నిద్రలో కూడా మింగేస్తాడు. పొరపాటున గాలిగొట్టంలోకి జారితే దగ్గి బయటికి తోసేస్తాడు. ట్యూబు పడ్డాక స్వరతంత్రులు మూసుకోలేవు, దగ్గుకు బలం ఉండదు, మత్తు ఎక్కువైతే మింగడమూ ఆగిపోతుంది. నోట్లో ఊరిన ఉమ్మి, ముక్కు నుంచి దిగిన చీమిడి, కడుపులోంచి ఎగదన్నిన ఫీడు (గొట్టంతో ఇచ్చే ద్రవాహారం) అన్నీ కలిసి స్వరతంత్రులకు కింద, ట్యూబు కఫ్‌కు (ట్యూబు చుట్టూ గాలితో ఉబ్బి గాలిగొట్టాన్ని మూసే బెలూన్) పైన కొన్ని మిల్లీలీటర్ల మడుగు కడతాయి. ఐసీయూలో చేరిన రెండు మూడు రోజుల్లోనే నోట్లో ఉండే బ్యాక్టీరియా మారిపోయి క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినిటోబ్యాక్టర్ లాంటివి తిష్ఠ వేస్తాయి. కఫ్‌లో గాలి తగ్గినా, పేషెంట్‌ను పక్కకు తిప్పినా, ట్యూబు కాస్త లాగినా ఆ మడుగులోంచి కొంత కఫ్ ముడతల వెంట ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ట్యూబు లోపలి గోడకు పట్టిన జిగురు పొర ఇంకో దారి. సక్షన్ కెథెటర్ (కళ్లె లాగే సన్నటి గొట్టం) తగిలినప్పుడల్లా అందులోంచి ముక్కలు ఊడి కిందికి పోతాయి.

అందుకే పని రెండే రెండు. మడుగు కిందికి జారకుండా చూడటం, ట్యూబు ఉండే రోజులు తగ్గించడం. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ రెండింట్లో ఏదో ఒకదాని కోసమే. మీ ఐసీయూలో అలవాటుగా జరిగే పని ఏదైనా ఈ రెంటికీ పనికిరాకపోతే, చాలావరకు దాన్ని నిశ్చింతగా మానేయవచ్చు.

ట్యూబు వేయకముందే

వేయని ట్యూబుతో వ్యాప్ రాదు. సీఓపీడీ (దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు) ముదిరి కార్బన్ డయాక్సైడ్ పెరిగినవాళ్లకు, గుండె వైఫల్యంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకు ముందు మాస్కుతో ఎన్ఐవీ (ట్యూబు లేకుండా వెంటిలేటర్ ఊతం) ప్రయత్నించాలి. ఆక్సిజన్ మాత్రమే తక్కువగా ఉన్నవాళ్లలో చాలామందికి హై ఫ్లో నేసల్ ఆక్సిజన్ (ముక్కు గొట్టంతో వేగంగా ఇచ్చే ఆక్సిజన్) సరిపోతుంది. గంట రెండు గంటల్లో ఆయాసం తగ్గకపోతే మాత్రం పట్టుబట్టి లాగకూడదు. ఆలస్యంగా, హడావుడిగా వేసిన ట్యూబు ముందే వేసినదానికంటే ప్రమాదం.

తెలుగు జిల్లాల ఐసీయూల్లో వెంటిలేటర్ బెడ్ల మీద తరచూ కనిపించేది పురుగుల మందు తాగినవాళ్లు, కట్లపాము కాటు పడ్డవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు. వీళ్లకు ట్యూబు తప్పదు, పైగా రోజుల తరబడి ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగిన మనిషికి నిమోనియా బీజం చాలాసార్లు క్యాజువాల్టీలోనే పడుతుంది. మగతగా ఉన్న పేషెంట్‌కు గొంతు రక్షణ లేకుండా పొట్ట కడిగితే కడుపులో ఉన్నదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్పృహ తగ్గి ఉంటే ముందు ట్యూబు వేసి, కఫ్ నింపి, ఆ తర్వాతే పొట్ట కడగాలా వద్దా అన్నది ఆలోచించాలి. తాగి గంట దాటితే కడిగినందువల్ల దక్కేది తక్కువ.

ట్యూబు నోట్లోంచే వేయాలి. ముక్కులోంచి వేస్తే సైనస్‌లు మూసుకుని అక్కడ చీము పట్టి, అది కిందికి దిగుతుంది. రెండు మూడు రోజులకు మించి వెంటిలేటర్ అవసరమని మొదటే తెలిస్తే, కఫ్‌కు పైన సక్షన్ పోర్టు ఉన్న ట్యూబు వేయడం మేలు. మామూలు ట్యూబు కంటే ధర ఎక్కువే. అయినా పురుగుల మందు, కట్లపాము, తల గాయం కేసులకు నాలుగైదు ట్యూబులైనా క్రాష్ కార్ట్‌లో (అత్యవసర సామాన్ల బండి) ఉంచుకోవాలి. మామూలు ట్యూబుతో వచ్చిన పేషెంట్‌కు పోర్టు కోసమని ట్యూబు మార్చకూడదు. మార్చే క్షణంలోనే మడుగంతా కిందికి పోతుంది.

తల ఎత్తు: 30 నుంచి 45 డిగ్రీలు

బార్సిలోనాలో 1999లో జరిగిన ట్రయల్‌లో వెల్లకిలా పడుకోబెట్టినవాళ్లలో 23 శాతం మందికి కల్చర్‌తో రుజువైన నిమోనియా వచ్చింది. 45 డిగ్రీల ఎత్తులో ఉంచినవాళ్లలో 5 శాతానికే వచ్చింది. తర్వాత నెదర్లాండ్స్‌లో అదే పని చేయబోతే, లక్ష్యం 45 పెట్టుకున్నా సగటున 30 డిగ్రీలు కూడా నిలవలేదు. కష్టమంతా నిలబెట్టడంలోనే ఉంది.

కంటి అంచనా నమ్మొద్దు. 20 డిగ్రీలున్న మంచం చూసి చాలామంది 30 అనుకుంటారు. మంచానికి కోణం చూపే స్కేలు లేకపోతే టేపు చాలు. లేచే భాగం పొడవు కొలవండి. దాని పై అంచు, చదునుగా ఉన్నప్పటి ఎత్తు కంటే ఆ పొడవులో సగం పైకి లేస్తే 30 డిగ్రీలు. 76 సెంటీమీటర్ల బ్యాక్‌రెస్ట్ అయితే 38 సెంటీమీటర్లు లేవాలి. 45 డిగ్రీలకు 54 సెంటీమీటర్లు. ఒకసారి కొలిచి మంచం పక్క గోడ మీదో స్టాండు మీదో ఎర్ర టేపు అంటిస్తే, నైట్ డ్యూటీలో ఎవరైనా ఒక్క చూపులో చెప్పేయగలరు.

మనిషి కిందికి జారిపోవడం అసలు సమస్య. మంచం 40 డిగ్రీలున్నా, పేషెంట్ జారి నడుము దగ్గర మడతపడి ఉంటే ఛాతీ చదునుగానే ఉంటుంది, పొట్ట మీద ఒత్తిడి పెరిగి ఫీడు పైకి తంతుంది. ముందు పేషెంట్‌ను పైకి జరిపి తుంటి సరిగ్గా మంచం మడిచే చోటుకు తేవాలి, తర్వాత మోకాళ్ల కింద కాస్త ఎత్తు పెట్టాలి, ఆపైనే తల వైపు లేపాలి. వెన్నెముక గాయం అనుమానం ఉంటే నడుము వంచకుండా మంచం మొత్తాన్నీ తల పైకి, కాళ్లు కిందికి వచ్చేలా వాల్చాలి. బీపీ బాగా పడిపోయి ఉంటే, లేదా బోర్లా పడుకోబెట్టి వైద్యం చేస్తుంటే ఈ మెట్టుకు మినహాయింపు.

దుప్పట్లు మార్చడానికి, ఎక్స్‌రేకు, సెంట్రల్ లైన్ వేయడానికి మంచం దించుతారు. ఎవరూ తిరిగి ఎత్తరు. దించినవాళ్లే ఎత్తి వెళ్లాలన్నది రాతపూర్వక నియమంగా పెట్టుకోవాలి, ఎక్స్‌రే టెక్నీషియన్‌కు కూడా. సీటీకి తీసుకెళ్లేటప్పుడు స్ట్రెచర్ మీదా ఇదే లెక్క.

కఫ్ ఒత్తిడి

20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉండాలి. పనిలో సులువు కోసం 25కు పెట్టుకుంటే మంచిది. 20 కంటే తగ్గితే మడుగు జారుతుంది. 30 దాటి ఎక్కువసేపు ఉంటే గాలిగొట్టం లోపలి పొరకు రక్తం అందక పుండు పడుతుంది, తర్వాత అక్కడ సన్నబడుతుంది.

పైలట్ బెలూన్‌ను (కఫ్‌కు కలిసి బయట వేలాడే చిన్న బెలూన్) వేళ్లతో నొక్కి గట్టిగానే ఉంది అనడం కొలత కాదు. అనుభవం ఉన్నవాళ్ల వేళ్లు కూడా 60ని 25 అనుకుంటాయి. ఒత్తిడి కొలిచే కఫ్ మానోమీటర్ ఒక్కటి కొంటే ఏళ్లు వస్తుంది. దాన్ని తగిలించగానే దాని గొట్టంలోకి కొంత గాలి పోయి, కఫ్‌లో ఒత్తిడి ఆ క్షణంలోనే పడిపోతుంది. అంటే కొలవడమే కాస్త గాలి తీసేయడం. కాబట్టి చదివేసి ఊరికే పీకేయకూడదు. తగిలించాక 25కు నింపి, ఆపైన తీయాలి. ముందుగా నోరు, గొంతు వెనక సక్షన్ చేసి ఉంచితే ఆ కొద్ది క్షణాల్లో జారడానికి అక్కడ ఏమీ ఉండదు.

షిఫ్టుకు ఒకసారి, ట్యూబు స్థానం మార్చాక, సీటీకి వెళ్లి వచ్చాక చూస్తే చాలు. గంటగంటకూ కొలిచినందువల్ల నిమోనియా తగ్గినట్టు తేలలేదు.

ప్రతి షిఫ్టులోనూ గాలి తగ్గుతూనే ఉంటే మళ్లీ మళ్లీ నింపుతూ పోవద్దు. కారణం మూడింట్లో ఒకటై ఉంటుంది. పైలట్ వాల్వు కారుతూ ఉండొచ్చు, కఫ్ చిరిగి ఉండొచ్చు, లేదా ట్యూబు పైకి జారి కఫ్ స్వరతంత్రుల మధ్య కూర్చుని ఉండొచ్చు. మూడోది అన్నిటికంటే ప్రమాదం. పై పళ్ల దగ్గర అంకె చూడండి. మగవాళ్లకు 22–23, ఆడవాళ్లకు 20–21 సెంటీమీటర్ల దగ్గర ఉండటం మామూలు. అది మారి ఉంటే డ్యూటీ డాక్టర్‌ను పిలవాలి, గాలి కాదు ఎక్కించాల్సింది.

సక్షన్ పోర్టు ఉంటే

పోర్టు గొట్టాన్ని నిరంతర సక్షన్‌కు కలిపితే 20 మిల్లీమీటర్ల పాదరస పీడనం దాటకూడదు. విడతలుగా అయితే 100 నుంచి 150 వరకు పెట్టుకోవచ్చు. రెండూ లేకపోతే 10 మిల్లీలీటర్ల సిరింజితో గంటకో రెండు గంటలకో చేత్తో లాగినా పని జరుగుతుంది, ఖర్చు లేదు. ఏమీ రాకపోతే మడుగు లేదని అనుకోవద్దు. చిక్కటి కళ్లె అడ్డుపడి ఉండొచ్చు, లేదా గాలిగొట్టం గోడ పోర్టుకు అతుక్కుని ఉండొచ్చు. ముందు కఫ్ ఒత్తిడి సరిచూసుకుని 3–5 మిల్లీలీటర్ల గాలి నెమ్మదిగా పంపి మళ్లీ లాగాలి. నీళ్లు పంపకూడదు. ఎంత వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో చార్టులో రాయండి. ఫీడు రంగు కనిపిస్తే కడుపులోంచి ఎగదన్నుతోందని అర్థం.

పోర్టు లేనివాళ్లకు ప్రత్యామ్నాయం ఒక్కటే. పక్కకు తిప్పే ముందు, మంచం దించే ముందు, కఫ్ ముట్టుకునే ముందు నోరూ గొంతు వెనక భాగమూ పూర్తిగా సక్షన్ చేయడం.

నోరు శుభ్రం: ఈ ఒక్క పనికి పది నిమిషాలు ఇవ్వండి

ఏళ్ల తరబడి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశకంతో నోరు తుడవడమే నోటి శుభ్రత అనుకున్నాం. గుండె ఆపరేషన్ పేషెంట్లను పక్కన పెడితే, దానివల్ల వ్యాప్ తగ్గిందనడానికి గట్టి ఆధారం నిలవలేదు. కొన్ని విశ్లేషణల్లో మరణాలు కాస్త పెరిగినట్టు కూడా కనిపించింది. అమెరికా సంస్థలు 2022లో సవరించిన మార్గదర్శకాలు నోటి శుభ్రత తప్పనిసరి అంటూనే, అది బ్రష్‌తో చేయమని, క్లోర్‌హెక్సిడిన్ వద్దని చెప్పాయి. మన దగ్గర చాలా ఆస్పత్రుల చెక్‌లిస్టుల్లో ఇంకా అదే సీసా ఉంది. సీసా తీసేసినంత మాత్రాన సరిపోదు, దాని చోట బ్రష్ రావాలి. పళ్ల మీద పట్టిన పాచి రుద్దితేనే పోతుంది, తడిపితే పోదు.

కావాల్సినవి: చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్ ఒకటి, పేషెంట్ పేరు రాసి. ఒక గిన్నెలో స్టెరైల్ నీరు. నోటి సక్షన్ గొట్టం. గాజుగుడ్డ ముక్కలు, పెదాలకు వాజలీన్ లాంటి లేపనం, గ్లవ్స్, కంటి అద్దాలు. ట్యూబు పట్టుకోవడానికి ఇంకో మనిషి.

1. మంచం 30 డిగ్రీలు దాటి ఉందో లేదో చూడండి. కఫ్ ఒత్తిడి 25కు సరిచేయండి. బోలస్ ఫీడు (ఒక విడతగా ఇచ్చే ఫీడు) ఇచ్చి అరగంటైనా కాకపోతే ఆగండి.
2. నోరు, బుగ్గల లోపల, గొంతు వెనక సక్షన్ చేయండి. అక్కడ ఉన్నదాన్ని తీయకుండా బ్రష్ పెడితే దాన్ని వెనక్కి నెట్టినట్టే.
3. ట్యూబు కట్టు విప్పేటప్పుడు రెండో మనిషి పళ్ల దగ్గర ట్యూబును రెండు వేళ్లతో పట్టుకోవాలి. అంకె పైకి చదివి చెప్పాలి.
4. బ్రష్ తడిపి, నీళ్లు విదిల్చి, చిగుళ్ల అంచు నుంచి పళ్ల వైపుగా రుద్దండి. పై వరస బయట, లోపల, నమిలే వైపు, తర్వాత కింది వరస. పేస్టు వాడితే కందిగింజంత చాలు, నురగ వస్తే సక్షన్ పని పెరుగుతుంది. చెవి వైపు దంతాలు, ట్యూబు వెనక దాగి ఉండే పళ్లు అందరూ వదిలేసేవి. పాచి ఎక్కువ ఉండేదీ అక్కడే.
5. రుద్దుతున్నంతసేపూ సక్షన్ గొట్టం బుగ్గ మూలలో పెట్టి ఉంచండి.
6. నాలుక వెనక నుంచి ముందుకు రెండు మూడుసార్లు మెత్తగా రుద్దండి. తడి గాజుగుడ్డతో అంగిలి, బుగ్గలు తుడవండి. గాజుగుడ్డ ముక్కలు లోపలికి ఎన్ని పోయాయో బయటికి అన్ని వచ్చాయో లెక్క చూసుకోండి.
7. ట్యూబును నోటి రెండో మూలకు జరిపి కొత్త కట్టు వేయండి. ఒకేవైపు వదిలేస్తే పెదవి మూలన పుండు పడుతుంది. అంకె మళ్లీ చదవండి, రెండు వైపులా ఊపిరి శబ్దం వినండి, కఫ్ మళ్లీ కొలవండి.
8. పెదాలకు లేపనం రాయండి. బ్రష్ కడిగి, తల పైకి ఉండేలా ఆరనివ్వండి. మూత పెట్టి తడిగా ఉంచితే రేపటికి అదే సూక్ష్మజీవుల పెంపకం అవుతుంది.

రోజుకు రెండుసార్లు బ్రష్, మధ్యలో నాలుగు గంటలకోసారి తడి గాజుగుడ్డతో తుడవడం. మూడోసారి బ్రష్ చేసినందువల్ల ఎక్కువ లాభం కనిపించలేదు కాబట్టి ఆ సమయం వేరే పనికి వాడుకోండి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువై చిగుళ్లు కారుతుంటే, డెంగీ సీజన్లో ఇది మామూలే, బ్రష్ ఆపి స్పాంజి స్వాబ్‌తో తుడవాలి. కట్టుడు పళ్లుంటే తీసి నీళ్ల డబ్బాలో పేరు రాసి ఉంచాలి.

పురుగుల మందు కేసుల్లో ఇంకో చిక్కు ఉంది. మొదట నోట్లో నురగ, ఉమ్మి వరద కడతాయి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కాక నోరంతా ఎండిపోయి, కళ్లె జిగురై పెచ్చులు కడుతుంది. ఆ పెచ్చులు గోకి లాగితే రక్తం వస్తుంది. ముందు తడి గాజుగుడ్డ రెండు నిమిషాలు ఉంచి నానిన తర్వాత తీయాలి.

ట్యూబులో సక్షన్

గంటలవారీ టైంటేబుల్ పెట్టుకుని చేయకూడదు. కళ్లె గరగర వినిపించినప్పుడు, వెంటిలేటర్ ఫ్లో గీత రంపపు పళ్లలా కనిపించినప్పుడు, పీక్ ప్రెషర్ పెరిగినప్పుడు, ఆక్సిజన్ తగ్గినప్పుడు చేయాలి. కెథెటర్ సైజు ట్యూబు లోపలి వ్యాసంలో సగం దాటకూడదు. ట్యూబు అంకెను ఒకటిన్నరతో హెచ్చిస్తే ఫ్రెంచ్ సైజు వస్తుంది. 8 నంబరు ట్యూబుకు 12, 7 నంబరుకు 10.

ముందు నిమిషం పాటు 100 శాతం ఆక్సిజన్. సక్షన్ పీడనం 100–150 మిల్లీమీటర్లు, ఎంత చిక్కటి కళ్లె అయినా 200 దాటొద్దు. లోపలికి పోయేటప్పుడు సక్షన్ మూసి ఉండాలి, బయటికి తీసేటప్పుడే తెరవాలి. మొత్తం 15 సెకన్లలోపు పూర్తి కావాలి. ట్యూబులో వాడిన కెథెటర్‌తో నోరు సక్షన్ చేయవచ్చు, నోట్లో పెట్టింది తిరిగి ట్యూబులోకి వెళ్లకూడదు. అలవాటుగా 5 మిల్లీలీటర్ల సెలైన్ పోసి లాగడం మానేయండి. అది కళ్లెను పలచన చేయదు, ట్యూబు గోడ మీది జిగురు పొర (బయోఫిల్మ్) ముక్కల్ని కిందికి కడుగుతుంది. కళ్లె గట్టిపడితే దానికి మందు సెలైన్ కాదు, గాలికి సరైన తేమ.

మూసి ఉండే సక్షన్ సెట్టు వ్యాప్‌ను తగ్గిస్తుందని రుజువు కాలేదు. అయితే సర్క్యూట్ (వెంటిలేటర్ గొట్టాలు) విప్పక్కర్లేదు, పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపే ఒత్తిడి) పోదు, సిబ్బంది మీద తుంపర్లు పడవు. ఆ కారణాలకు వాడుకోవచ్చు.

సర్క్యూట్, నీరు, తేమ

రెండు రోజులకో వారానికో సర్క్యూట్ మార్చాలన్న పాత నియమాన్ని వదిలేయండి. ఒక పేషెంట్‌కు ఒక సర్క్యూట్. కంటికి మురికి కనిపిస్తేనో, కారుతుంటేనో మార్చాలి. ఊరికే విప్పిన ప్రతిసారీ గొట్టాల్లో చేరిన నీరు ట్యూబులోకి పోయే ప్రమాదం ఉంది.

ఆ నీటి సంగతే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వేడి హ్యూమిడిఫయర్ నుంచి వచ్చిన ఆవిరి ఏసీ గాలి నేరుగా తగిలే చోట గొట్టంలో నీరై నిలుస్తుంది. పేషెంట్ నోటి బ్యాక్టీరియా కొన్ని గంటల్లోనే అందులో పెరుగుతుంది. గొట్టాలు ఎప్పుడూ పేషెంట్ నోటికంటే కిందికి వేలాడాలి, వాటర్ ట్రాప్ (ఆ నీరు చేరే డబ్బా) అన్నిటికంటే కింద ఉండాలి. పక్కకు తిప్పే ముందు గొట్టం ఎత్తి నీటిని పేషెంట్ వైపు కాకుండా ట్రాప్ వైపు జార్చాలి. గ్లవ్స్ వేసుకుని ట్రాప్ ఖాళీ చేయాలి, నేల మీద పారబోయకూడదు. ఏసీ రెక్కలు కాస్త పక్కకు తిప్పితే నీరు తగ్గుతుంది.

హ్యూమిడిఫయర్‌లో స్టెరైల్ నీరే పోయాలి. కుళాయి నీరు, ఆర్ఓ క్యాన్ నీరు రెండూ వద్దు, లెజియోనెల్లా లాంటివి అక్కడినుంచి వస్తాయి. సీసా తెరిచిన తేదీ, గంట రాసి 24 గంటలకు పారేయాలి. ఫిల్టరు రకం తేమ పరికరం, అదే హెచ్ఎంఈ, వాడుతుంటే తడిసి బరువెక్కినా, కళ్లె పట్టినా వెంటనే మార్చాలి. బాగా ఉంటే తయారీదారు చెప్పిన గడువు దాకా ఉంచవచ్చు. అట్రోపిన్ మీద ఉండి కళ్లె ఎండినవాళ్లకు, కళ్లెలో రక్తం పడుతున్నవాళ్లకు హెచ్ఎంఈ సరిపోదు, వేడి హ్యూమిడిఫయరే కావాలి. రెండూ ఒకేసారి పెట్టడం ప్రాణాంతకమైన తప్పు. తడిసిన హెచ్ఎంఈ గాలిదారిని మూసేస్తుంది.

నెబ్యులైజర్ కప్పును ప్రతి డోసు తర్వాత స్టెరైల్ నీటితో కడిగి, ఆరబెట్టి ఉంచాలి. మందు ఒక్క డోసు రెస్ప్యూల్ అయితే మంచిది. పెద్ద సీసాలోంచి అందరికీ పంచుతుంటే ఒక బెడ్ బ్యాక్టీరియా వార్డంతా తిరుగుతుంది. ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే పరికరం) ప్రతి పేషెంట్‌కూ వేరే ఉండాలి. బెడ్ మీద పడేసి కాదు, సంచిలో వేసి తలవైపు వేలాడదీసి ఉంచాలి.

ఫీడు

నోట్లోంచో ముక్కులోంచో కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు ద్వారా 24 నుంచి 48 గంటల్లోపు మొదలుపెట్టాలి. ట్యూబు కడుపులోనే ఉందని మొదటిసారి ఎక్స్‌రేతో తేల్చుకోవాలి. సిరింజితో గాలి కొట్టి స్టెతస్కోపుతో వినడం నమ్మదగ్గ పద్ధతి కాదు. ఊపిరితిత్తిలో ఉన్నా అదే శబ్దం వినిపిస్తుంది. ఆ తర్వాత ముక్కు దగ్గర గుర్తు జరిగిందా అన్నది షిఫ్టుకోసారి చూస్తే చాలు.

నాలుగు గంటలకోసారి కడుపులో మిగిలింది లాగి కొలవడం వ్యాప్‌ను తగ్గించదని 2013లో ఫ్రాన్స్‌లో జరిగిన ట్రయల్ తేల్చింది. కొలిచినవాళ్లకు అందిన ఆహారమే తగ్గింది. వాంతి, పొట్ట ఉబ్బరం గమనించండి, అవి ఉంటే ఆపండి. బోలస్ ఇస్తే 200–250 మిల్లీలీటర్లు అరగంట పాటు నెమ్మదిగా దిగాలి, సిరింజి పిస్టన్‌తో నెట్టకూడదు. మంచం దించే పని ఉంటే ముందు ఫీడు ఆపాలి. ఆస్పత్రి వంటగదిలో మిక్సీ పట్టి తెచ్చే ఫీడు, కలిపిన పొడి పాలు బయట నాలుగు గంటలకు మించి ఉండకూడదు.

మత్తు తగ్గించడం, ట్యూబు తీయడం

పై మెట్లన్నీ కలిపినా ఈ ఒక్కదానికి సాటిరావు. 1998లో వచ్చిన కెనడా అధ్యయనం లెక్కలో వ్యాప్ వచ్చే అవకాశం మొదటి ఐదు రోజుల్లో రోజుకు దాదాపు 3 శాతం, తర్వాతి ఐదు రోజుల్లో 2 శాతం, ఆపైన 1 శాతం. అంటే తొలి వారంలో మిగిల్చిన ఒక్కో రోజు చాలా విలువైనది. షికాగోలో 2000లో జరిగిన ట్రయల్‌లో రోజూ పొద్దున మత్తుమందు ఆపి పేషెంట్‌ను మేలుకొలిపితే, వెంటిలేటర్ మీద ఉన్న కాలం మధ్యస్థంగా 7.3 రోజుల నుంచి 4.9కి తగ్గింది.

చాలా ఐసీయూల్లో మిడజోలం, ఫెంటనిల్ డ్రిప్పులు మొదటి రోజు పెట్టిన వేగంతోనే మూడో రోజూ నడుస్తుంటాయి, ఎవరూ ముట్టుకోరు. మిడజోలం కొవ్వులో పేరుకుని ఆపిన తర్వాత కూడా గంటలు, రోజులు మత్తు ఉంచుతుంది. ముందు నొప్పికి మందు, అది చాలకపోతేనే మత్తు, మత్తుకు ప్రొపొఫాల్ లేదా డెక్స్‌మెడిటమిడిన్. పిలిస్తే కళ్లు తెరిచి చూసేంత మెలకువ లక్ష్యం. కండరాలు సడలించే మందు డ్రిప్పుగా నడుస్తుంటే అది ఇంకా ఎందుకో ప్రతి రౌండులో అడగాలి.

పొద్దున రౌండుకు ముందే నర్సు చేయాల్సింది ఇది. ఫిట్స్, మద్యం మానడంవల్ల వచ్చిన వణుకు, మెదడులో ఒత్తిడి, గత 24 గంటల్లో గుండెపోటు, కండరాలు సడలించే మందు, ఇవేవీ లేకపోతే మత్తు ఆపాలి. కళ్లు తెరిచి మాట వింటే ఊపిరి పరీక్షకు అర్హత చూడాలి. ఆక్సిజన్ 50 శాతం లోపు, పీప్ 8 లోపు, బీపీ పడిపోకుండా నిలిపే మందులు తక్కువ, తనంతట తాను ఊపిరి తీసుకుంటున్నాడు అనుకుంటే ప్రెషర్ సపోర్ట్ (ప్రతి ఊపిరికీ మెషీన్ ఇచ్చే ఊతం) 5–8కి దించి 30 నిమిషాలు వదలాలి. ఊపిరి నిమిషానికి 35 దాటినా, ఆక్సిజన్ 88 కంటే తగ్గినా, చెమటలు, కంగారు కనిపించినా ఆపి వెనక్కి. నెగ్గితే ఆరోజే ట్యూబు తీయాలి. రేపు పొద్దున చూద్దాం అన్న మాట ఖరీదు ఒక రోజు.

పురుగుల మందు తాగినవాళ్ల విషయంలో మాత్రం తొందర పనికిరాదు. తాగిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ, ఊపిరి కండరాలు మళ్లీ చచ్చుబడవచ్చు. తల దిండు మీద నుంచి ఎత్తి ఐదు సెకన్లు నిలపగలిగితేనే ఊపిరి పరీక్షకు వెళ్లాలి. కట్లపాము కేసులకూ ఇదే గుర్తు. ఊపిరి పరీక్ష నెగ్గి తల ఎత్తలేకపోతున్నాడంటే, రాత్రికి ట్యూబు మళ్లీ వేయాల్సి రావచ్చు. రెండోసారి వేసిన ట్యూబు వ్యాప్ ముప్పును చాలా పెంచుతుంది.

తీసే ముందు మంచం ఎత్తి, నోరు, గొంతు వెనక, పోర్టు ఉంటే దాన్నీ సక్షన్ చేయాలి. కఫ్ గాలి తీసే క్షణంలో పేషెంట్‌ను గట్టిగా దగ్గమనాలి, లేదా ఆంబు బ్యాగ్‌తో ఒక ఊపిరి ఇవ్వాలి, అప్పుడు మడుగు పైకి వస్తుంది. సీఓపీడీ, గుండె వైఫల్యం, ఊబకాయం ఉన్నవాళ్లకు తీసిన వెంటనే ఎన్ఐవీయో హై ఫ్లోనో పెట్టాలి, ఆయాసం వచ్చేదాకా ఆగకూడదు. నోటితో నీళ్లు ఇచ్చే ముందు ఒక చెంచా ఇచ్చి దగ్గు వస్తోందా, గొంతు తడిగా బురబురలాడుతోందా చూడాలి.

చేతులు, గ్లవ్స్

ఆల్కహాల్ రబ్ 20 నుంచి 30 సెకన్లు, కంటికి మురికి ఉంటే సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు. అందరికీ తెలిసిందే. తప్పు జరిగేది గ్లవ్స్‌తో. సక్షన్ చేసిన గ్లవ్ చేత్తోనే వెంటిలేటర్ స్క్రీన్ నొక్కుతారు, మానిటర్ అలారం ఆపుతారు, కేస్ షీట్ తిప్పుతారు. అసినిటోబ్యాక్టర్ పొడి ప్లాస్టిక్ మీద రోజుల తరబడి, కొన్నిసార్లు వారాలపాటు బతుకుతుంది. స్క్రీన్, నాబులు, బెడ్ రెయిల్స్ షిఫ్టుకోసారి తుడవాలి. బెడ్‌కో స్టెతస్కోపు ఉండాలి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పించడం మీద చూపే శ్రద్ధలో సగం ఇక్కడ చూపితే చాలు.

ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్?

నిమోనియా రాకుండా అని రోజుల తరబడి మెరోపెనెం నడపడం రేపటి నిమోనియాను ఏ మందుకూ లొంగనిదిగా తయారు చేయడమే. ఒక మినహాయింపు ఉంది. తల గాయం, పక్షవాతం వల్ల కోమాలోకి పోయి ట్యూబు పడ్డవాళ్లకు మొదటి 12 గంటల్లో సెఫ్‌ట్రియాక్సోన్ 2 గ్రాములు ఒకే ఒక్క డోసు ఇస్తే, తొలి రోజుల్లో వచ్చే వ్యాప్ 32 శాతం నుంచి 14కి తగ్గిందని 2024లో వెలువడిన ఫ్రెంచ్ ట్రయల్ చూపింది. ఒక్క డోసు అంటే ఒక్కటే. ఐదు రోజుల కోర్సుకు అది అనుమతి కాదు. కడుపులో పుండు రాకుండా ఇచ్చే పాంటోప్రజోల్ రక్తస్రావం కాకుండా ఉండటానికి ఇస్తాం, వ్యాప్ లెక్కలో దానికి చోటు లేదు.

అనుమానం వస్తే, లెక్క రాసేటప్పుడు

రెండు రోజులు నిలకడగా ఉన్న పేషెంట్‌కు ఆక్సిజన్ అవసరం 20 పాయింట్లు, లేదా పీప్ 3 సెంటీమీటర్లు పెరిగి రెండు రోజులు అలాగే ఉంటే కారణం వెతకాలి. ఎక్స్‌రేలో కొత్త మచ్చ, 38 డిగ్రీలు దాటిన జ్వరం, తెల్లకణాలు 12,000 పైన లేదా 4,000 లోపు, చీములాంటి కళ్లె, ఇవి కలిస్తే నమూనా పంపిన తర్వాతే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఇవేవీ లేకుండా కళ్లె కల్చర్‌లో క్లెబ్సియెల్లా పెరిగిందని వైద్యం చేయకూడదు. ట్యూబు పడ్డ ప్రతివాళ్ల కళ్లెలోనూ కొన్నాళ్లకు ఏదో ఒకటి పెరుగుతుంది.

లెక్కకు రోజూ ఒకే వేళకు, ఉదయం 8 అనుకుందాం, ఎంతమంది వెంటిలేటర్ మీద ఉన్నారో రాయాలి. నెల మొత్తం కూడితే వెంటిలేటర్ రోజులు. నెలలో 3 వ్యాప్‌లు, 240 వెంటిలేటర్ రోజులు అయితే రేటు వెయ్యి రోజులకు 12.5. ఆరు పడకల ఐసీయూలో ఒక్క కేసుతోనే ఈ అంకె ఎగిరి దూకుతుంది కాబట్టి మూడు నెలలది కలిపి చూడాలి.

దాంతోపాటు చెప్పకుండా తెల్లవారుజామున 3 గంటలకు ఒకసారి ప్రతి బెడ్ దగ్గరా ఆరు విషయాలు చూడండి: మంచం కోణం కొలిచి, కఫ్ ఒత్తిడి కొలిచి, బ్రష్ తల పైకి పెట్టి ఆరబెట్టారా అని, వాటర్ ట్రాప్ ఎక్కడుందని, మత్తు డ్రిప్ వేగం నిన్నటి కంటే తగ్గిందా అని, పోర్టులోంచి వచ్చిన దాని కొలత రాశారా అని. ఆరూ ఉంటే ఒక మార్కు. ఐదు ఉంటే సున్నా.